ఉంచుకోదగిన వస్తువుల పట్టిక

ముప్పై ఏళ్లకు పైగా బడిలో పనిచేసి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. నా చేతి నుంచి వెళ్లే ఏ కాగితంలోనూ కొట్టివేత ఉండకూడదన్నది నా నియమం. చాట్రాయిలో ఉండే మా చెల్లెలి భర్త అప్పులు తీర్చలేక ఐపీ పెట్టడానికి సిద్ధపడినప్పుడు, ఆస్తుల పట్టిక రాసే పని నాకు అప్పగించడానికి కారణం అదే.

ఆయనకు తండ్రి ఇచ్చిన మూడెకరాల మామిడి తోట ఉంది. దానికి తానే మందు కొట్టేవాడు, తానే కాయ కోసేవాడు. అది చాలదన్నట్టు విస్సన్నపేట చుట్టుపక్కల ఇతరుల తోటలను పూత మీద కొనడం మొదలుపెట్టాడు. చెట్టు పూతతో ఉండగానే కాపు మొత్తానికి ధర కట్టి, డబ్బు ముందే చెల్లించి, మిగిలిన భారం దేవుడి మీద వేయడం మా వైపు పద్ధతి. పూత మీద తోట కొన్నవాడికి ఊళ్లో అడగకుండానే కుర్చీ వేస్తారు. తొలి ఏడాది లాభం రాగానే మా బావ ఇంటి ముందు ‘మామిడి వ్యాపారి’ అని బోర్డు పెట్టించుకున్నాడు. దాని అక్షరాలు సరిచూసింది నేనే. ఆ తరువాత ఒక ఏడు మంచుకు పూత మాడిపోయింది. మరుసటి ఏడు పిందె నిలవలేదు.

నూజివీడులో వకీలు గారు, దివాలా తీసినవాడికి చట్టం ఏమేమి వదులుతుందో చెబుతుంటే వరుసగా రాసుకున్నాను. కట్టుబట్టలు. వంట పాత్రలు. మంచాలు, పరుపులు. ఇల్లాలి మంగళసూత్రం. చేతిపనివాడి పనిముట్లు. సేద్యం మీద బతికేవాడైతే నాగలి, ఎడ్లు, విత్తనాలు, అతడు కాపురముంటున్న ఇల్లు. చట్టంలో ఇంత క్రమం ఉన్నందుకు ఆనాడు నాకు సంతోషం కలిగింది. ‘సేద్యం మీద బతికేవాడైతే’ అన్న మాట కింద గీత కూడా గీశాను.

మర్నాడు చాట్రాయి వెళ్లేసరికి మా చెల్లెలు ఇత్తడి బిందెలను, కుట్టు మిషనును పొరుగింట్లో దాచేసింది. అన్నిటినీ వెనక్కి తెప్పించాను. దాస్తే తప్పవుతుందని, బిందెల జోలికి ఎవరూ రారని, మిషను సంగతి పట్టికలో నిజాయితీగా రాసి అడుగుదామని చెప్పాను. అన్నయ్య చూసుకుంటాడని ఆమె పొరుగావిడతో చెప్పడం విన్నాను. నడివీధిలో బిందెలు ఒక్కొక్కటిగా మోసుకు వస్తుంటే జనం చూశారు.

పట్టిక మొదట్లోనే వృత్తి అనే గడి ఉంది.

“రైతు అని రాసెయ్యండి బావగారూ,” అన్నాడు మా బావ, మంచం మీద నుంచి లేవకుండానే.

“బయట బోర్డు మీద ఏముంది?”

“బోర్డుదేముందండీ. మూడెకరాలు చేసుకునేవాణ్ణి రైతనకపోతే ఇంకేమంటారు?”

“ఇది ప్రమాణం చేసి ఇచ్చే కాగితం. ఊరందరూ చదివే మాట ఒకటి, కోర్టుకిచ్చే మాట ఒకటి అయితే ఎలా?”

ఆయన నవ్వాడు. “మీ బళ్లో చదువుకోకపోవడం నా అదృష్టమండీ. సరే, మీకెలా తోస్తే అలా రాయండి.”

‘వ్యాపారి’ అని రాశాను. గుండ్రంగా, కొట్టివేత లేకుండా వచ్చింది. ఆయన సంతకం పెట్టాడు. వకీలు గారు ఆ రోజు ఊళ్లో లేరు. గుమాస్తా నా దస్తూరి చూసి మెచ్చుకుని, మళ్లీ చదవనక్కర్లేదని దాఖలు చేశాడు.

కొన్ని వారాలకు వకీలు గారు నన్ను పిలిపించారు. అప్పులిచ్చినవాళ్ల తరఫున అభ్యంతరం వచ్చిందట. ఈయన రైతు కాడు, వ్యాపారి. తానే ప్రమాణం చేసి చెప్పాడు. కనుక ఇల్లు వదలడానికి వీల్లేదని అందులో ఉంది. బోర్డు ఫొటో జతచేశారు.

“ఈ గడి ఎవరు నింపారండీ?” అని అడిగారు.

నేనేనని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“తోట తనే చేసుకుంటున్నాడు కదా మాస్టారూ. రైతు అని రాసినా అబద్ధమయ్యేది కాదు. ఇప్పుడు మారిస్తే ఇంటి కోసం మార్చామంటారు.”

వాదించి చూస్తానన్నారు. ఆయన గొంతులో నమ్మకం వినిపించలేదు. వాదించారు, నిలవలేదు. మా బావకు సంగతి చెప్పాను. ఆయన బయటికి వెళ్లి, బోర్డు దించి, గోడకు తిప్పి ఆనించాడు.

ఇల్లు జప్తు చేయడానికి కోర్టు అమీనా వచ్చిన రోజున కోతలు జోరుగా ఉన్నాయి. కాయ లారీలు వెళ్తుంటే ఇంటి తలుపులు అదిరాయి. అమీనా మర్యాదస్తుడు. నా పట్టిక చేతిలో పట్టుకుని బిందెలు, పళ్లాలు, మంచాలు, పరుపులు ఒక్కొక్కటే చూసి, ఇవి మీవేనండీ, ఉంచుకోండి అంటూ పక్కన టిక్కు పెట్టాడు. కుట్టు మిషనుకూ పెట్టాడు. నేను చెప్పినవాటిలో ఒక్కటీ తప్పలేదు. తరువాత ఆయన టేపు తీసి, ఒక కొసను మా బావ చేతికిచ్చి, గోడ మొదట్లో పట్టుకోమన్నాడు. మా బావ వంగి పట్టుకున్నాడు.

మా చెల్లెలు వసారాలో పేర్చిన సామాను మధ్య నిలబడి ఉంది.

“ఇయ్యన్నీ ఉంచుకోమన్నారు, బానే ఉంది. ఎక్కడ పెట్టుకోను అన్నయ్యా?”

అమీనా కొలతలు ముగించి, ఇంటికి నాలుగు వైపుల హద్దులు రాసి, సాక్షి సంతకానికి కాగితం నా ముందు పెట్టాడు. తూర్పున ఉండవలసిన పంట కాలువ పడమరన పడింది. చూసి ఊరుకోలేకపోయాను. కలం తీసుకుని కాలువను తూర్పుకు మార్చి, ఆ దిద్దుబాటు పక్కన ఒకసారి, అడుగున ఒకసారి సంతకం చేశాను.