ఊడిపడని చెయ్యి

యానాం చేపల బజారులో పెద్దింట్లమ్మ చేతికి పేరుండేది. రెండు కేజీల పండుగప్పను కత్తిపీట మీద పెట్టిందంటే, కొన్నవాళ్ళు జేబులోంచి డబ్బు తీసేలోపు ముక్కలు కవర్లో పడేవి.

మూడేళ్ళ కిందట నవంబరులో, పెట్టెల్లోకి ఐసు పట్టుకుంటుండగా, ఐసు నలిపే మిషను ఆమె కుడిచేతిని మణికట్టు దాకా లాగేసింది. కాకినాడలో డాక్టరు ఏడు గంటలు కష్టపడి చెయ్యి నిలబెట్టాడు. ఐదు వేళ్ళూ ఉన్నాయి. ఒక్కటీ కదలలేదు, గిల్లినా తెలియలేదు. ఇక ఈ చెయ్యి ఎప్పటికీ పనిచెయ్యదని ఆయనే సర్టిఫికెట్టు రాసిచ్చాడు.

ఆమెకు బ్యాంకు ద్వారా కట్టిన ప్రమాద బీమా ఒకటుంది. దానికి గుర్తుగా ఇచ్చింది ఒకే ఒక్క కాగితం. ప్రమాదంలో చెయ్యి పూర్తిగా కోల్పోతే పరిహారం అని అందులో ఉంది. క్లెయిము పెట్టిన నాలుగు నెలలకు రాజమండ్రి ఆఫీసుకు రమ్మన్నారు. భర్త సత్తిరాజును తీసుకుని వెళ్ళింది.

అక్కడి అధికారి జానకిరామ్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

“ఆరోజు ఏమైనా మందు పుచ్చుకున్నారా అండి? యానాం కదా, మందు చవక, అడగాలి మరి.”

సత్తిరాజు లేవబోయాడు. ఆమె ఎడంచేత్తో అతని చొక్కా పట్టుకుని ఆపింది.

“నేను తాగనండి.”

జానకిరామ్ ఆ చేతిని బల్ల మీద పెట్టమని, పెన్ను మూతతో తట్టి చూశాడు. “చెయ్యి ఉంది కదమ్మా.”

“ఉందండి. పనిచెయ్యట్లేదండి.”

“మణికట్టు దగ్గర తెగి విడిపోవాలని మా రూల్సు బుక్కులో ఉందండి. మీది విడిపోలేదు. డాక్టరుగారు చాలా బాగా చేశారు.”

“కోసేసుంటే ఇచ్చేవారాండి?”

“ఇచ్చేవాళ్ళమండి,” అన్నాడు తడుముకోకుండా.

వారం తిరక్కుండా తిరస్కరణ ఉత్తరం వచ్చింది. దాన్ని ఊళ్ళో లూథరన్ బడిలో పనిచేసి రిటైరైన రాజరత్నం మాస్టారికి చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు.

“ఆ రూల్సు బుక్కు నీకెప్పుడైనా ఇచ్చారా అమ్మా?”

“లేదండి మాస్టారూ.”

“ముందు కంపెనీకే రాద్దాం. నెల్లోపు తేల్చకపోతే బీమా తగువులు తీర్చే అంబుడ్స్‌మన్‌కి పెడదాం. లాయరు అక్కర్లేదు, ఫీజూ లేదు. కాకపోతే, కంపెనీ కాదన్నాక ఏడాది దాటకూడదు.”

కంపెనీ పలకలేదు. అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు వెళ్ళింది.

విచారణ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఒక ఉదయం ఇంట్లో మాంసం కాలిన వాసన వచ్చింది. గంజి వారుస్తున్న పెద్దింట్లమ్మ చుట్టూ చూసింది. స్టవ్ మంట మీద ఉన్నది తన చెయ్యే. నొప్పి లేదు. కూతురు రమ్యశ్రీ కేక వేసేదాకా ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. పుండు మానలేదు, చీము మోచేతి వైపు పాకింది. ప్రమాదం జరిగిన పద్నాలుగో నెలలో, అదే డాక్టరు ఆ చేతిని మణికట్టు పైన తీసేశాడు.

మాస్టారు ఆ సంగతీ కంపెనీకి రాశాడు. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. చెయ్యి తెగడం ప్రమాదం జరిగిన ఏడాదిలోపు కావాలట, పైగా కాలడం ఆమె అజాగ్రత్తట.

విచారణ మాస్టారి ఫోనులోనే వీడియోలో జరిగింది. అంబుడ్స్‌మన్ కంపెనీని ఒకటే అడిగాడు: “రూల్సు బుక్కు ఈవిడకి ఇచ్చినట్టు సంతకం ఏదండి?” జానకిరామ్ కాగితాలు తిరగేశాడు. లేదు. చెప్పని షరతు చూపించి ఎగ్గొట్టడం కుదరదనీ, పనిచెయ్యని చెయ్యి ప్రమాదం నాడే పోయినట్టనీ, వడ్డీతో కట్టమనీ ఆర్డరు వచ్చింది.

డబ్బు ఖాతాలో పడిన మర్నాడు జానకిరామ్ ఫొటోగ్రాఫరుతో, అట్టమీద అచ్చేసిన పెద్ద చెక్కుతో ఊళ్ళోకి వచ్చాడు.

“మా కంపెనీ పేపర్లో వేస్తామండి. చేతి మీది ఆ పైట కాస్త తీస్తే చెయ్యి లేనట్టు కనపడుద్దమ్మా.”

పెద్దింట్లమ్మ పైట ఇంకా దగ్గరికి లాక్కుంది. “ఫొటో లేకపోతే డబ్బు వెనక్కి తీసుకుంటారాండి?”

“అబ్బే, లేదండి.”

“అయితే వెళ్ళండి.”

అతను మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటర్‌ మధ్యలో మానేసిన రమ్యశ్రీ అప్పటికి బజారులో తల్లి చోట కూర్చుని ఉంది. కత్తిపీట మీద ఆమె చెయ్యి ఇంకా తిరగలేదు. ముక్కలు వంకరగా తెగుతున్నాయి, కొనేవాళ్ళు విసుక్కుంటున్నారు.