బాలింత పథ్యం, బెజవాడ పరీక్ష

తిరువూరు నుంచి బెజవాడకు ఉదయం ఆరున్నరకు బస్సు ఉందని బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ బోర్డును నమ్మేవాళ్లు ఫలహారం చేసి వెళ్లడం మంచిది. మేం ఏడుంబావుకు బయలుదేరాం. మేం అంటే నేను, ఎనిమిది నెలల పాప, మా అత్తగారు. మావారికి సెలవు దొరకలేదు. ఇలాంటి ఆస్పత్రి పనులకు మగవాళ్లకు సెలవులు దొరకవు.

కాన్పయ్యాక చేసిన పరీక్షలో నా గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు మారుతున్నాయని తేలింది. వైరస్ వల్ల కావచ్చనీ, చాలామందికి దానంతటదే తగ్గుతుందనీ, తగ్గకపోతే క్యాన్సర్ దాకా పోవచ్చనీ డాక్టరమ్మ చెప్పారు. ఆకుకూరలు, పండ్లు బాగా తినమన్నారు. ఆర్నెల్లయ్యాక, పోయిన వారం మళ్లీ పరీక్ష చేశారు. ఫలితం ఈ రోజు చెబుతారు.

ఈ ఆర్నెల్లూ నేను తిన్నది బాలింత పథ్యం. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, మహా అయితే బీరకాయ. ఆకుకూర వాతం, పండు జలుబు, తల్లి తింటే బిడ్డకు పడదు. జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న నేను ఈ శాస్త్రం ముందు నోరెత్తలేదు.

ఎ.కొండూరులో ఎక్కిన ఒకావిడ ఎక్కడికని అడిగింది.

"కోడలికి కళ్లు చూపించడానికండీ" అన్నారు అత్తగారు. మెడ కింద ఉన్న అవయవాల పేర్లు బస్సులో చెప్పకూడదు కదా.

ఆవిడ పొన్నగంటి కూర పెట్టమంది. వెనక సీటాయన మునగాకు అన్నాడు. మైలవరం వచ్చేసరికి బస్సు బస్సంతా నాకు వైద్యం చేసేసింది. అత్తగారు అన్నిటికీ తలూపి, "రోజూ పెడుతూనే ఉన్నామండీ" అన్నారు. నేను తినని కూరలన్నీ తలుచుకుంటూ మామిడితోటలు చూస్తూ కూర్చున్నాను.

ఆస్పత్రిలో మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.

"తగ్గలేదు. అలాగని పెరగనూ లేదు. ఏం తింటున్నావమ్మా?" అన్నారు డాక్టరమ్మ.

నేను అత్తగారి వంక చూశాను. "వెల్లుల్లి కారమండీ" అన్నారావిడ. బస్సులో ఉన్న ధైర్యం అక్కడ లేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. తిండితోనే పోతుందని తాను చెప్పలేననీ, ఆ సంగతి ఇంకా ఎవరికీ రూఢిగా తెలియదనీ అన్నారు. ఒంట్లో సత్తువ ఉంటే శరీరమే తగ్గించుకోవచ్చట. పరీక్ష మాత్రం మానకూడదు. ఆర్నెల్లకు మళ్లీ రావాలి, అప్పటికీ ఉంటే చిన్న ఆపరేషన్. "మరి పాలు తాగే పిల్ల?" అని అత్తగారు అడిగితే, తల్లి ఆకుకూర తిన్నందుకు జబ్బుపడిన పిల్లను తాను ఇంతవరకూ చూడలేదన్నారు.

మూడు గంటల బస్సు మూడున్నరకు కదిలింది. మైలవరంలో అత్తగారు పాపను నా ఒళ్లో పడేసి దిగిపోయారు. డ్రైవరు హారన్ కొడుతుంటే తోటకూర కట్టలతో, కొంగులో జామపండ్లతో ఎక్కారు.

"పిల్లకి పడకపోతే నేను చూసుకుంటాలే" అన్నారు నా వంక చూడకుండా. "నువ్వుండాలి గదా."

ఈ దారిలో బస్సులు ఆలస్యం, సీట్లు ఇరుకు, సలహాలు ఉచితం. ఈ రోజు అంతకు మించి ఎగతాళి చేయబుద్ధి కాలేదు. జామపండు కడక్కుండానే కొరికాను. పచ్చిగా, వగరుగా ఉంది. అది మొత్తం అయిపోయేదాకా ఆవిడ నా నోటి వంకే చూస్తూ కూర్చున్నారు.