చెత్త అన్న వరుసలు

ఆ ఫొటో చూసినప్పుడు నేను బయ్యారం దగ్గర మా తండాలో, ఇంటి ముందు మంచం మీద కూర్చొని ఉన్నాను. సెలవు పెట్టి వచ్చి నాలుగు రోజులైంది. ఫోనులో మా ల్యాబ్ పెద్దసారు ఏదో సదస్సులో మాట్లాడుతున్నారు. ఆయన వెనక తెర మీద ఉన్న పటం నాది. రంగులు నేను ఎంచుకున్నవి. ఒక మూల అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆ తప్పు కూడా నాదే. కింద నాలుగు పేర్లున్నాయి. నా పేరు లేదు.

ఒళ్లు మండిపోయింది.

నేను తూర్పు తీరంలోని ఒక పరిశోధనశాలలో పగడాల జన్యువుల మీద పనిచేస్తాను. పగడం అంటే మా వైపు అందరికీ ఉంగరంలో పెట్టుకునే రాయి. సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలు మాత్రం గుంపుగా బతికే చిన్న చిన్న ప్రాణులు. వాటి కణాల్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. అది ఎండతో తిండి తయారుచేసి పగడానికి పెడుతుంది. పైనున్న జిగురులో రకరకాల బ్యాక్టీరియా కాపురముంటాయి. నీళ్లు బాగా వేడెక్కితే నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లగా పాలిపోతుంది. చాలాకాలం అలాగే ఉంటే చచ్చిపోతుంది. గోరంత ముక్క తెచ్చి నూరితే అన్నిటి డీఎన్ఏ కలిసే వస్తుంది. అది కంప్యూటర్లో అక్షరాల వరుసలుగా కనిపిస్తుంది. ఏ వరుస ఎవరిదో విడదీయడమే నా పని.

"పగడానివి ఉంచు. మిగతాదంతా చెత్త, తీసేయ్" అన్నారు పెద్దసారు, నేను చేరిన మొదటి నెలలోనే. నేను తీసేయలేదు. వేరేగా దాచిపెట్టాను. రెండేళ్లపాటు, రోజు పని అయిపోయాక, దాని ముందే కూర్చున్నాను. వేసవంతా రంగు నిలుపుకున్న పగడాల్లో ఒక రకం బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. పక్కనే పాలిపోయిన వాటిలో అది దాదాపు లేదు. కారణం ఇదేనని నేను అనలేదు. వెతికి చూడాల్సిన సంగతి అని మాత్రం అన్నాను.

ల్యాబ్ సమావేశంలో అదే పటంగా గీసి చూపించాను. కంగారులో మా ఇంటి మాట వచ్చేసింది. "గివి చెత్త కాదు సార్, జర చూడుండ్రి."

"జర చూడుండ్రి!" అని సారు నా గొంతును అనుకరించారు. గదంతా నవ్వింది. "ముందు సరైన తెలుగు నేర్చుకోమ్మా, బ్యాక్టీరియా సంగతి తర్వాత చూద్దాం." నేను కూడా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మా యాడికి, అంటే అమ్మకు, మా తండా భాషలోనే జరిగింది చెప్పాను. ఆమెకు పగడం తెలియదు, మిర్చి తెలుసు. కాసేపు ఆలోచించి అడిగింది. "తాలు కాయలని పక్కకు పారేయమన్నరు. నువ్వు వాటిల్ల మంచియి ఏరితే, మేమే ఏరినమని చెప్పుకుంటున్నరు. గంతేనా?" అంతే.

మరునాడు బస్సెక్కి మహబూబాబాద్ పోయాను. మేమనే మానుకోట. డిగ్రీలో నాకు జంతుశాస్త్రం చెప్పిన మేడం అక్కడే ఉంటారు. గడప దాటగానే ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత. నీ దగ్గర ఏమున్నది?" అన్నారామె.

"నోట్‌బుక్ ఉన్నది మేడం. ఏ రోజు ఏం చేసిన్నో తారీఖు ఏసి రాసిన."

"మరెందుకు పరేషాన్? ముందుగాల ఆ సారుకు ఫోన్ చెయ్యి. ఏమంటడో విందాం."

ఆమె ఎదురుగానే ఫోన్ చేశాను. సారు విసుక్కున్నారు. "ఇంత చిన్న విషయానికి గొడవెందుకమ్మా? నువ్వు లెక్కలు చూశావు. ఆలోచన మాది."

"చెత్త అన్నది కూడ మీ ఆలోచనేనా సార్?"

ఫోన్ పెట్టేశారు. మేడం కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. మధ్యాహ్నం దాకా ఇద్దరం కూర్చొని సంస్థకు ఫిర్యాదు రాశాం. కోపంతో రాసిన మాటలన్నీ ఆమె కొట్టేశారు. తారీఖులు మాత్రం ఒక్కటీ కొట్టలేదు.

విచారణకు రెండుసార్లు పిలిచారు. "ఆ అమ్మాయి కొంచెం ఆవేశపరురాలు" అని సారు నా ముందే చెప్పారు. నేను నోట్‌బుక్ తెరిచి, పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయాను. సమావేశంలో నవ్విన వాళ్లలో ఒకామె వచ్చి, ఆ పని మొత్తం నాదేనని సాక్ష్యం చెప్పింది. చివరికి, ఆ పని మీద అచ్చు కాబోయే పరిశోధన వ్యాసంలో నా పేరు మొదట వేయాలని తేల్చారు. ఉత్తరంలో మాత్రం, పేరు పొరపాటున జారిపోయిందని రాశారు.

పొరపాటట! నాలుగు పేర్లు తప్పు లేకుండా టైపు చేసిన చేయి సరిగ్గా నా పేరు దగ్గరే ఎట్లా జారింది? క్షమించమని ఆ సారు ఇవాళ్టి వరకు అనలేదు. వరండాలో ఎదురుపడితే గోడ వైపు చూస్తూ పోతారు.

ఇప్పుడు అదే సంస్థలో వేరే బృందంలో ఉన్నాను. ఆ బ్యాక్టీరియాను గాజు పళ్లెంలో పెంచాలని చూస్తున్నాను. పగడం వదిలి బయట బతకడం దానికి ఇష్టం లేనట్టుంది, ఇంతవరకు పెరగలేదు. నిన్న ఇంకో ఆరు పళ్లేలు సిద్ధం చేసి, మూతల మీద తారీఖుతో పాటు నా పేరు పూర్తిగా రాశాను.