సర్దారు బావ రిపోర్టు

ఆ రోజుల్లో, కథ ముగింపు ముందే తెలిసిపోవడం కంటే పెద్ద కష్టం లోకంలో ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. (అద్దె, గ్యాస్ బండ లాంటివన్నీ అక్క చూసుకునేది కాబట్టి అలా నమ్మే తీరిక ఉండేది.) డిగ్రీ అయి గోదావరిఖనిలో ఒక బడిలో టీచరుగా చేరి, అక్కాబావల కంపెనీ క్వార్టర్‌లో ఉండేదాన్ని. బావకూ నాకూ ఒకటే పిచ్చి. ఏడు భాగాల మాయానగరం నవల. ఆ నగరంలో జనం తమ నీడలను పన్నుగా కట్టాలి. అలా పోగైన నీడలే రాజ్యం ఏలుతున్నాయని మూడో భాగం చివర బయటపడుతుంది. "ఈ రాసినాయన బుర్రకు దండం పెట్టాలె" అని ఆ సంగతంతా విప్పి చెప్పాడు బావ. నేనింకా మూడో భాగం తెరవనే లేదు.

తప్పు ఆయనది కాదు, ఆయన ఉద్యోగానిది. బావ బొగ్గుబాయిలో సర్దారు. పైకప్పు గట్టిగా ఉందా, గాలి ఆడుతోందా అని చూసుకుని, షిఫ్టు మారేటప్పుడు ఎక్కడ పైలంగా, జాగ్రత్తగా ఉండాలో వచ్చే సర్దారుకు చెప్పి గానీ పైకి రాకూడదు. ఏళ్ల తరబడి అదే పని చేసిన మనిషి దేన్నీ ఊరికే చేతిలో పెట్టలేడు. అక్కకు కూరగాయల సంచి ఇచ్చినా "అడుగున టమాటలున్నయ్, మెల్లగ" అనేవాడు. పుస్తకం కొనేది ఆయన, ముందు చదివేది ఆయన, నాకిస్తూ రిపోర్టు చెప్పేదీ ఆయనే. "పన్నెండో అధ్యాయంల వంతెన కూలుతది, పైలం." నేను చెవులు మూసుకుంటే చేతులు తీసి మరీ చెప్పేవాడు.

ఏడో భాగం వచ్చినప్పుడు ముందే హెచ్చరించాను. మొదటినుంచీ రాణిని కాపాడుతూ వచ్చిన కోటగుమ్మం తాత బతుకుతాడా లేదా అన్నదే అప్పటి నా బెంగంతా. "బావా, ఈసారి నోరు తెరిచినవంటే నీతోని మాట్లాడ. అక్క చేతి అన్నం గూడ తినను."

"ఆయన చేసిన పాపానికి నా వంట ఏం జేసిందే?" అంది అక్క.

"ఫికర్ చెయ్యకు, నోరిప్ప" అన్నాడు బావ.

దసరా సెలవుల్లో ఒక పొద్దున పుస్తకం నా చేతిలో పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, ఆగలేకపోయాడు. "తాతనే దొంగ. ఆఖర్ల సస్తడు. ఇగ చదువుకో."

ఏడ్చాను, నిజంగానే. తర్వాత కోపంతో చదివాను. తాత రాణికి నీళ్లిస్తే విషం కలిపాడనుకున్నాను. గుమ్మం మూస్తే శత్రువుకు సైగ అనుకున్నాను. రాణి చెల్లెలొక్కతే మంచిదని ఆమె మీదే ఆశలన్నీ పెట్టుకున్నాను. చివరికి శత్రువుకు తలుపు తీసింది ఆ చెల్లెలే. తాత నిక్షేపంగా బతికాడు. పుస్తకం పట్టుకుని బయటికి పరుగెత్తేసరికి, బావ సెకండ్ షిఫ్టుకు బూట్లు వేసుకుంటున్నాడు.

"గట్లెందుకు చెప్పినవ్ బావా?"

ఆయన తల ఎత్తకుండా లేసు బిగించాడు. "చెప్పకుంటే నాకు పానం నిలువదు. నిజం చెప్తే నీకు నిలువదు. ఏం జెయ్యాలె మరి? బాయిల ఎన్నడు అబద్ధం రిపోర్టు ఇయ్యలె. ఇంట్ల ఇచ్చిన."

ఆ చెల్లెలి దెబ్బ నాకంత గట్టిగా తగిలిందంటే, సగం గొప్ప రాసినాయనది, సగం బావది.

ఇప్పుడు బావ రిటైరై బెల్లంపల్లిలో ఉంటున్నాడు. చూపు మందగించి చదవడం మానేశాడు. నాకు కొత్త కొత్త మాయానగరాలు కొరియర్‌లో ఇంటికే వస్తాయి. వాటిని నాకంటే ముందు చదివేవాళ్లు లేరు, ఎవరూ ఏమీ చెప్పరు. ఒకప్పుడు నేను కోరుకున్నది అచ్చంగా ఇదే, ఏమీ బాగా లేదు. మొన్న ఒక కొత్త సిరీస్ మొదటి భాగం తెరవబోతూ బావకు ఫోన్ చేశాను.

"నేను చదవనే లేదు గద" అన్నాడు.

"అయినా చెప్పు."

షిఫ్టు అప్పగించే గొంతుతో అన్నాడు. "ఎర్ర శాలువ కప్పుకున్నోన్ని నమ్మకు. పైలం."

పుస్తకమంతా చదివాను. ఎర్ర శాలువా వాడు ఎక్కడా రాలేదు. నిన్న రెండో భాగం వచ్చింది. ఇందులోనైనా వస్తాడేమోనని చూస్తున్నాను.