తెల్ల మచ్చల టైగర్

ఆ రోజుల్లో మా జిల్లా డెస్కులో పనిచేసినవాళ్లు ఇప్పటికీ నలుగురు కలిస్తే చాలు, నేను రొయ్యను పులి చేసిన కథ చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చెప్పేదేదో సరిగ్గా చెప్పాలి కదా! నేను ఏనాడూ పులి అని రాయలేదు. టైగర్ అని రాశాను. రెండూ ఒకటే కదా అనేవాళ్లు, కృష్ణా జిల్లాలో వరి చేలు రొయ్యల చెరువులైన కాలంలో ఇక్కడ లేనట్టే. నేను ఇక్కడే ఉండి కూడా తెలుసుకోలేదు, అది వేరే సంగతి.

తొంభైల్లో డిగ్రీ అయిపోగానే గవర్నర్‌పేటలో ఒక పత్రికాఫీసులో సబ్‌ఎడిటర్‌గా చేరాను. మూడు నెలల ట్రయల్. బాగుందంటే ఉద్యోగం, లేదంటే మా నాన్న నింపి పెట్టుకున్న బీఈడీ దరఖాస్తు. (ఆడపిల్లకు టీచరు పనే మేలని ఆయన పట్టు. నేను నా టీచర్లతో ఎలా వాదించేదాన్నో ఆయనకు తెలియదు, పాపం.) కంప్యూటర్లు వచ్చేశాయి గానీ, అవి ఏసీ గదిలో, చెప్పులు విప్పి లోపలికెళ్లేంత భోగంగా ఉండేవి. మేము న్యూస్‌ప్రింట్ ముక్కల మీద చేత్తోనే రాసేవాళ్లం. ఊళ్లలో విలేకరులు వార్తల్ని కవర్లో పెట్టి బస్సు డ్రైవరుకిస్తే, ఆఫీసు మనిషి బస్టాండుకెళ్లి తెచ్చేవాడు. మరీ అర్జంటైతేనే ఫోను. మా ఇన్‌ఛార్జిని చాటుగా 'అచ్చతెలుగు గారు' అనేవాళ్లం. కాపీలో ఇంగ్లిషు మాట కనబడితే ఎర్ర పెన్నుతో కొట్టేదాకా ఆయనకు కాఫీ దిగేది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని రాస్తే 'విద్యుత్ పరివర్తకం' పేలిందయ్యేది. ఏం పేలిందో కరెంటు పోయిన ఊరివాళ్లకే అర్థమయ్యేది కాదు.

నా ట్రయల్ ఇంకో పది రోజులుందనగా, ఒక సాయంత్రం కైకలూరు అవతలి నుంచి కొల్లేటి బాబాయ్ ఫోను చేశారు. (చుట్టం కాదు, ఆ ప్రాంతం విలేకరి. డెస్కులో అందరికీ బాబాయే.)

"అమ్మాయ్, రాసుకో. మా దగ్గర టైగర్ చచ్చిపోయింది."

"టైగరా బాబాయ్ గారూ? నిజంగా టైగరేనా?"

"టైగరేనమ్మా. ఇంకేముంటది ఇక్కడ? తెల్లారేసరికి గట్టు వారకొచ్చి తచ్చాడింది. మధ్యాహ్నానికి పోయింది."

మంచి జర్నలిస్టు వివరాలు అడగాలని చదువుకున్నాను కదా, అడిగాను. "ఒంటి మీద చారలా, మచ్చలా?"

"చారలు ఎప్పుడూ ఉండేయేగా! ఈసారి తెల్ల మచ్చలు కూడా. అదే కొత్త."

"జనం ఏమంటున్నారండీ?"

"ఏమంటారు? ఇయ్యాల ఇక్కడ, రేపు మన దగ్గరికొచ్చిద్దని చుట్టుపక్కలోళ్లు వణికిపోతన్నారు. కాపలాలు కాస్తన్నారు."

నేను వన్ టౌన్‌లో పుట్టి పెరిగిన పట్నం పిల్లను. రొయ్యకు కూడా టైగర్ అని ఇంటిపేరుంటుందని, చెరువులవాళ్లు ఆ ఇంటిపేరుతోనే పిలుస్తారు తప్ప రొయ్య అనే మాటే అనరని నాకెవరు చెప్పారు? తెల్ల మచ్చలున్న అరుదైన టైగర్ మృతి చెందిందని రాసి, 'పరిసర గ్రామాల ప్రజలు భయాందోళనలకు గురవుతున్నారు' అని జోడించాను. (ఈ వాక్యం మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. తుపానొచ్చినా, దొంగలొచ్చినా ఇదే.) మచ్చలేమిటని అచ్చతెలుగు గారు అడుగుతారేమోనని బెదురుగానే ఇచ్చాను. ఆయన "పులికి ఇంగ్లిషెందుకమ్మా?" అని కసిరి, ఐదు చోట్ల టైగర్‌ను కొట్టి పులి చేశారు. శీర్షికలో స్థలం మిగిలిందని పెద్దపులి చేశారు.

మర్నాడు ఆ ఊళ్లో బడికి సెలవిచ్చారు. మోపెడ్ల మీద జనం, వాళ్ల వెనక అటవీ శాఖ జీపు. వెళ్లినవాళ్లకు కనబడినవి గట్టు మీద కుప్పలుగా చచ్చిన రొయ్యలు, పక్కనే మోకాళ్ల మీద తల పెట్టుకున్న కౌలు రైతు. మధ్యాహ్నం అటవీ అధికారి మా ఎడిటర్‌గారికి ఫోను చేసి, "మీ పులి వేలెడంత ఉందండీ. బోను తెచ్చాం, గంప పంపిస్తారా?" అన్నారట.

ఎడిటర్‌గారి గదిలోకి ఇద్దరినీ పిలిచారు. బీఈడీ దరఖాస్తు నా కళ్ల ముందు ఆడుతోంది.

"రొయ్య అని రాసుంటే నేనెందుకు మారుస్తానండీ?" అన్నారు అచ్చతెలుగు గారు.

"మచ్చలున్న పులి ఎక్కడుందని మీరెందుకు అడగలేదు సార్?" అన్నాను.

"చూడండి సార్, దీని నోరు!"

ఎడిటర్‌గారు కాపీ తెప్పించి, ఐదు ఎర్ర గీతలూ చూసి, నవ్వు ఆపుకోలేక దగ్గారు. "ఈయన్ను పంపితే పేజీ ఆగిపోద్ది. నువ్వెళ్లమ్మా" అన్నారు. నేను తలుపు వైపు తిరిగాను. "ఇంటికి కాదు. వారం రోజులు ఆ చెరువుల మీద తిరిగి రాసుకురా. అచ్చెయ్యదగ్గట్టుంటే ఉద్యోగం ఉంటుంది."

వెళ్లాను. పులి కోసం వచ్చిన గోలకు మత్స్యశాఖవాళ్లు కూడా కదిలొచ్చి, చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్తున్నారు. నేనెవరో తెలిశాక ఆ రైతు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనామ్మా రాసింది? పులైతే బాగుండేదమ్మా. ఒక్కటే పోయేది" అన్నాడు. ఆ సాయంత్రమే కొల్లేటి బాబాయ్ తన కార్బన్ కాపీలు చూపించారు. రొయ్యలకొచ్చిన ఈ తెల్ల మచ్చల తెగులు గురించి అంతకుముందే మూడు కవర్లు పంపారట. మొదటిది రెండు లైన్లయింది, మిగతా రెండూ చెత్తబుట్టకెళ్లాయి. (మూడోదాన్ని బుట్టలో వేసిన చెయ్యి నాదే. మొదటి లైను కూడా చదవలేదు.) వారం చివర నేను రాసింది మొదటి పేజీలో వచ్చింది. అందులో టైగర్ అనే మాట ఆరుసార్లుంది. అచ్చతెలుగు గారు ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ఉద్యోగం నిలిచింది.

తర్వాత చానళ్లొచ్చాయి. ఇప్పుడైతే మా పులి తెర కింద పరిగెత్తే అక్షరాల్లో పుట్టి, పది నిమిషాల్లో అక్కడే చచ్చిపోయేది, ఎవరి ఉద్యోగానికీ గండం లేకుండా. రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి బెంజ్ సర్కిల్ దగ్గర, మెడలో ఏదో చానల్ కార్డుతో బాబాయ్ కనబడ్డారు. వదుల్తానా?

"చారలా మచ్చలా అని అడిగానే బాబాయ్ గారూ, అప్పుడైనా మీకు అనుమానం రాలేదా?"

"ఆ రోజు లైను బాగోలేదమ్మాయ్" అని, మోగని సెల్‌ఫోను చెవిన పెట్టుకుని వెళ్లిపోయారు.

లైను శుభ్రంగా ఉంది. నాకు ప్రతి అక్షరం వినబడింది. చెవికి రిసీవర్ నొక్కుకుని, చారలూ మచ్చలూ శ్రద్ధగా రాసుకుంటున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పిల్ల అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగింది, ఒక్కటి తప్ప. అది నేనిప్పుడు అడుగుతున్నాను: మూడు కవర్లు పంపి విసిగిపోయిన ఆ మనిషి, నాలుగోసారి నాకు వార్త చెప్పారా, లేక తెలిసే నాకు పులిని అంటగట్టారా?