నీళ్లు లేని ఉప్పు

రమ్యా, నిన్న పొద్దుగాల ఫోన్ల ఏడ్సుకుంట చెప్పినవు. "అమ్మమ్మా, ఉప్పునీళ్లతోని కరెంటు తీసే మా యశోద మేడం పోయింది."

ఉప్పునీళ్లు కాదు బిడ్డా. అండ్ల నీళ్ల చుక్క లేదు. ఒట్టి ఉప్పు.

అది సరిచేసినంక గాని ఆఖరి మాట నా చెవుల పడలే.

పోయింది.

చేతుల చాయ్ అట్లనే సల్లారింది.

తెల్వనోళ్ల కోసం చెప్త. యశోద నాగర్‌కర్నూల్ల నా దగ్గర ఇంటర్ కెమిస్ట్రీ చదివిన పిల్ల. గద్వాలల లెక్చరర్ అయింది. మా మనుమరాలు రమ్యకు చదువు చెప్పింది. అయోనిక్ లిక్విడ్ అంటే పాణం. పొయ్యి మీద పెట్టకుండ, నీళ్లు కలపకుండ, తేనె లెక్క పారే ఉప్పు అది. మన ఎండకు ఆవిరైపోదు.

రెండు గాజుపలకలు. నడుమ నేరేడుపండు రంగు, ఆ ద్రవం. గంతే సోలార్ సెల్.

ఎండ తాకితే రంగు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటది. ద్రవం అవతలి పలక కాడికి పోయి ఇంకోటి తెచ్చి ఇస్తది.
మళ్ల పోతది. మళ్ల తెస్తది.

"గద్వాల–వనపర్తి బస్సు లెక్క మేడం," అనేది యశోద. "కండక్టర్ అరుపులే ఉండవు."

ఒక ఎండాకాలం తన మొదటి సెల్‌ను నా కిటికీల పెట్టిపోయింది. వారం చూడుమన్నది.
ఆ ఎండ చూసి నా మనసు ఒప్పలే. నీళ్ల కూజాకు చుట్టినట్టు తడిబట్ట చుట్టిన.

ఆ ద్రవం తడిని పీల్చుకుంటదని కెమిస్ట్రీ టీచర్‌కు తెల్వదా? తెలుసు. చేతులు మాత్రం పాలమూరు ఎండల పెరిగినయి.

రంగు తెల్లబడ్డది. సెల్ సచ్చింది.

తిడుతదనుకున్న. వచ్చి బట్ట విప్పి, నిమ్మలంగ అన్నది: "దీనికి ఎండంటే భయం లేదు మేడం. వేడెక్కితే ఇంకా మంచిగ పారుతది. మీరు జర ప్రేమ తక్కువ చెయ్యుండ్రి."

నిన్నటి సంది ఆ కిటికీ కాడనే కూసున్న. గోడ మీద నేరేడు రంగు నీడ కదులుతున్నట్టే ఉంది.
సెల్ ఈడ లేదని తెలుసు. అయినా చూస్తున్న.

రెండో సెల్ గద్వాలల యశోద ఇంటి కిటికీల ఉంది. పోయిన ఎండాకాలం సంది రోజూ పగటాల మీటర్ పెట్టి, వచ్చిన అంకె నోట్‌బుక్కుల రాసేది. తగ్గుతున్నా రాసేది. ఒక్క రోజు ఇడువలే.

ఇయ్యాల మాపటికి ఆ ఇల్లు కడుగుతరు. మనిషి పోయిన ఇల్లు కడుగుడు మన రివాజు, తప్పు పట్ట. కానీ బిందెలకు బిందెలు గుమ్మరిస్తరు. ఆ గాజుముక్క ఏందో వాళ్లకు తెల్వదు.

నా మోకాళ్లు బస్సెక్కనీయవు. ఆ ఫోన్ అయినంక నువ్వు మళ్ల ఎత్తవు, పోస్టులు మాత్రం చూస్తవు. గందుకే ఈడ రాస్తున్న.

యశోదా, నాకంటె ముందు పోవుడు ఏం పద్ధతి?
పోయినకాడ నిమ్మలంగ ఉండు బిడ్డా. ఎండ మంచిగ ఉండని.

రమ్యా, బిందెలు లేవకముందే పో. పొడిబట్టల చుట్టి, నోట్‌బుక్కుతోని తీస్కరా. పొడిబట్ట. మన కిటికీల పెట్టి మీటర్ తగిలియ్యి.
నోట్‌బుక్కుల నిన్నటి వరుస ఖాళీగ ఉంటది. ఉండని. దాని కింద ఇయ్యాలటి అంకె రాయి.

సున్నా వచ్చినా రాయి.