మంటలు కోసే రాజనర్సయ్య

కుదురుగా కూర్చోవడమన్నది రాజనర్సయ్య జాతకంలోనే లేదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ ఒకప్పుడు ఆయన చేతివే. జావా పోయి ఒరాకిల్ వచ్చిందంటే పాతది చెరిపి కొత్తది రాసేవాడు. ఇంతలో ఫ్లెక్సీలు వచ్చిపడి ఆయన కుంచెను మూలన కూర్చోబెట్టాయి. సరేనని బండ్లకు రేడియం స్టిక్కర్లు కోసే దుకాణం పెట్టాడు. అక్కడా ఈగలు తోలుకోవడమే. "సోమాజిగూడ దవాఖానల వాచ్‌మన్ నౌకరీ ఉన్నది. సోమవారం నుంచి పో," అని భార్య స్వరాజ్యం పట్టుబట్టింది. ఈయనకేమో ఆ యూనిఫాం తలుచుకుంటేనే ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది.

సరిగ్గా అప్పుడొచ్చాడు రవికాంత్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, చంకలో రిమోట్ కారు పై డొప్ప పెట్టుకుని. అద్దంలాంటి ప్లాస్టిక్ అది. రంగు లోపలివైపు నుంచి కొట్టాలి. ముందు లోపలంతా స్టిక్కరు అతికించి, దాని మీద మంటల ఆకారం కోసి, మంట ఉన్నచోట ఒలిచేసి స్ప్రే కొడితే, బయటికి కారు ముక్కుకు నిప్పంటుకున్నట్టు కనిపిస్తుంది.

"ఆదివారం రేసండీ. మీ పని నచ్చితే మావాళ్లంతా మీ దగ్గరికే వస్తారు," అన్నాడు రవికాంత్. ఇంకేం, వాచ్‌మన్‌గిరీ తప్పినట్టేనని రాజనర్సయ్య ఎగిరి గంతేశాడు.

కిటుకంతా బ్లేడులోనే ఉంది. స్టిక్కరు తెగాలి, కింది ప్లాస్టిక్కుకు తగలకూడదు. బండి ట్యాంకుల ఇనుము మీద అలవాటు పడ్డ చెయ్యాయె, పైగా ఆత్రం! ఒక మంట మొన దగ్గర బ్లేడు కసుక్కున దిగింది. రంగు పడ్డాక గీత కనపడలేదు. డొప్ప ఇచ్చేశాడు గానీ, దెబ్బ తగిలితే ఆ గీత వెంబడే పగులుతుందని ఆయనకు తెలుసు. చెబుదామా వద్దా అని గింజుకుంటుంటే అన్నం కూడా సయించలేదు.

ఆదివారం పంజాగుట్టలో ఒక ఆఫీసు పార్కింగు జాగాలో రేసు. రాజనర్సయ్యా పోయి ఓ పక్కన నిలబడ్డాడు. రవికాంత్ కారే ముందుంది. అది మలుపు తిరిగినప్పుడల్లా గోడకు గుద్దుకుంటుందేమోనని ఈయన మెడ చాచి చూసేవాడు. చివరి చుట్టులో ఇక ఉండబట్టలేక, "ఆపుండ్రి! జర ఆపుండ్రి!" అని అరుస్తూ ఉరికి, కారును రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. దాని చక్రాలు ఇంకా గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

"ఏంటండీ ఇది! గెలిచేవాణ్ణి కదా!" రవికాంత్ మొహం జేవురించింది.

"నా బ్లేడు లోపలికి దిగింది సార్. గుద్దుకుంటే పగులుతది."

"పగిలితే పగలనివ్వండి! వారానికొకటి పగలగొడతాం మేము. మళ్లీ చేయించుకుంటాం. దానికోసం రేసు పోగొడతారా?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. "నాకు సుత ఒకటి కొయ్యన్నా, మంటలు మస్తున్నయ్," అన్నాడొకడు. రాజనర్సయ్యకు సంతోషం రాకపోగా ఒళ్లు మండింది. తాను రాసిన బోర్డులు ఎండకూ వానకూ ఏళ్లకేళ్లు నిలిచేవి. ఇదేం పని, వారం బతకని పని!

ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టి, జరిగిందంతా స్వరాజ్యానికి చెప్పాడు. "నౌకరీకే పోత. వారంల పగిలేదానికి గింత గోస ఎందుకు?"

ఆమె బియ్యం చెరగడం ఆపలేదు. "నేనొండింది పూటకే అయిపోతది. లగ్గమైన కాడ్నుంచి ఒండుతనే ఉన్న. ఎన్నడన్న గింత గోస ఎందుకన్ననా?"

రాజనర్సయ్య పోయి, విసిరిన చెప్పులు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. అన్నం పెట్టమనడానికి సిగ్గేసి, తన పళ్లెం తనే కడిగి తెచ్చుకున్నాడు. సోమవారం దుకాణం తెరిచాడు.